ఇంట్ 21హెచ్ అంటే ఏమిటి? ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే తీరు

ముత్తుకూరు నుంచి రోజూ బస్సెక్కి నెల్లూరు వైపు ఇంజనీరింగ్, డిప్లొమా కాలేజీలకు వెళ్లే పిల్లలు చాలామందే ఉన్నారు. వారిలో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ బ్రాంచీల వారికి 8086 మైక్రోప్రాసెసర్ ల్యాబ్ తప్పదు. జేఎన్‌టీయూ సిలబస్‌లో ‘డాస్, బయాస్ ప్రోగ్రామింగ్’ అనే ప్రయోగం ఏళ్ల తరబడి వస్తోంది. కీబోర్డు నుంచి అక్షరం చదవాలి, తెరమీద ఒక మాట చూపించాలి. అంతే పని.

పని చిన్నదే. కానీ రికార్డులో ఆ ప్రోగ్రామ్ రాసిన పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "ఇక్కడ ఇంట్ 21హెచ్ అని ఎందుకు రాశావు?" చాలామంది దగ్గర వచ్చే జవాబు ఒకటే: "అలా రాస్తేనే వస్తుంది సార్."

వైవాలో మార్కులు పోయేది అక్కడే. మార్కులు పోతే పోనీ, కంప్యూటర్ ఎలా నడుస్తుందో తెలిపే ఒక పెద్ద విషయం ఆ ఒక్క వరుసలో ఉంది. అది చేజారిపోతోంది. చేతిలోని ఫోన్‌లో ఫోన్‌పే నొక్కినా, వాట్సాప్‌లో ఫోటో పంపినా లోపల జరిగేది ఆ వరుసలో ఉన్న పనే. ఆ వరుస ఏం చేస్తుందో చూద్దాం.

పోర్టు గేటు దగ్గర లారీ

ముత్తుకూరు మండలంలోని వారికి కృష్ణపట్నం పోర్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బొగ్గు కోసం లారీ వచ్చిందనుకోండి. డ్రైవర్ నేరుగా ఓడ దగ్గరికి వెళ్లి క్రేన్ ఎక్కి తోడుకోడు. గేటు దగ్గర ఆగుతాడు, కాగితం ఇస్తాడు. ఏ సరుకు, ఎంత, ఎవరి పేరు మీద అన్నది అందులో ఉంటుంది. లోపలి సిబ్బంది కాగితం చూసి, సరిగ్గా ఉంటేనే పని చేసిపెడతారు. సరుకు ఎక్కాక లారీ మళ్లీ తన దారిన పోతుంది.

కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ఆ లారీ లాంటిది. తెర, కీబోర్డు, డిస్క్, నెట్‌వర్క్ పోర్టు లోపలి సామాను. వాటిని చూసుకునే సిబ్బందే ఆపరేటింగ్ సిస్టమ్. ప్రోగ్రామ్ లెక్కలు తనంతట తానే చేసుకోగలదు. రెండు సంఖ్యలు కూడటానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ కూడిక ఫలితాన్ని తెరమీద చూపాలన్నా, ఫైల్లో దాచాలన్నా మాత్రం గేటు దగ్గరికి వచ్చి అడగాల్సిందే. అలా అడిగే పద్ధతుల్లో పాతది, పాఠంగా చదవడానికి తేలికైనది సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్.

ఇంటరప్ట్ అంటే

అమ్మీ వంటగదిలో పప్పుకు పోపు వేస్తోంది. వీధి తలుపు దగ్గర బెల్లు మోగింది. స్టౌ తగ్గించి, వెళ్లి తలుపు తీసి, మాట్లాడి, తిరిగి వచ్చి వదిలేసిన చోటి నుంచే వంట మొదలుపెడుతుంది. ఇది ఇంటరప్ట్. బయటి నుంచి వచ్చింది కాబట్టి హార్డ్‌వేర్ ఇంటరప్ట్. పాత ఐబీఎం పీసీలో మీరు ఒక మీట నొక్కితే ఇంటరప్ట్ 9 వచ్చేది. గడియారం సెకనుకు సుమారు 18 సార్లు ఇంటరప్ట్ 8 పంపేది.

సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్‌లో బెల్లు నొక్కేది బయటివారు కాదు, ప్రోగ్రామే. తన పని తానే ఆపుకుని "నాకు ఈ సాయం కావాలి" అని పిలుస్తుంది. అసెంబ్లీలో ఆ పిలుపుకు రాసే మాట ‘ఇంట్’. పక్కన ఉండే సంఖ్య ఏ గేటుకు వెళ్లాలో చెబుతుంది. చివర ‘హెచ్’ అంటే ఆ సంఖ్య హెక్సాడెసిమల్‌లో ఉందని. 21హెచ్ అంటే మామూలు లెక్కలో 33.

ఆ సంఖ్య ఎక్కడికి తీసుకెళ్తుంది?

ఇంటెల్ 8086 చిప్ 1978లో వచ్చింది. ఒక మెగాబైట్ మెమరీని చూడగలదు. ఆ మెమరీలో మొట్టమొదటి 1024 బైట్లు ఒక పట్టికకు కేటాయించారు. దాన్ని ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్ అంటారు. అందులో 256 గళ్లు, ఒక్కో గడికి 4 బైట్లు. ప్రతి గడిలో ఒక చిరునామా ఉంటుంది. రెండు బైట్లు ఆఫ్‌సెట్, రెండు బైట్లు సెగ్మెంట్.

ఇంట్ 21హెచ్ అనగానే ప్రాసెసర్ 33ను 4తో గుణిస్తుంది. 132 వస్తుంది, హెక్సాలో 84హెచ్. ఆ చోటి నుంచి నాలుగు బైట్లు చదివి, అక్కడ రాసి ఉన్న చిరునామాకు దూకుతుంది. దూకేముందు మూడు సంగతులు స్టాక్‌లో దాచుకుంటుంది: ఫ్లాగులు, సీఎస్, ఐపీ. పుస్తకం మూసేముందు పేజీ మడత పెట్టుకున్నట్టు, ఎక్కడ ఆగానో గుర్తన్నమాట. పని అయ్యాక అక్కడి కోడ్ చివర ‘ఐరెట్’ అనే ఆదేశం ఉంటుంది. అది ఆ మూడింటినీ తిరిగి తీసి, ప్రోగ్రామ్‌ను తర్వాతి వరుసకు పంపేస్తుంది.

నేరుగా చిరునామాకే దూకొచ్చు కదా, మధ్యలో ఈ పట్టిక ఎందుకు అనే ప్రశ్న రావాలి. డాస్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ దాని కోడ్ మెమరీలో కూర్చునే చోటు మారిపోతుంది. ప్రోగ్రామ్‌లో పాత చిరునామా రాసి ఉంటే ఆ రోజే పాడైపోతుంది. సంఖ్య మాత్రం మారదు. పట్టికలో 33వ గడిలో కొత్త చిరునామా రాసుకునే బాధ్యత డాస్‌ది. ఆఫీసు వీధి మారినా ఫోన్ నంబరు పాతదే ఉన్నట్టు. వైవాలో ఈ ఒక్క మాట చెప్పగలిగితే సగం పాఠం వచ్చినట్టే.

కాగితం నింపడం

గేటు 21హెచ్ వెనక ఒకే సేవ లేదు, పదుల కొద్దీ ఉన్నాయి. ఏ సేవ కావాలో ఏహెచ్ రిజిస్టర్‌లో పెట్టాలి. ల్యాబ్‌కు కావలసినవి ఇవి:

ఏహెచ్‌లో 01: ఒక అక్షరం చదివి, తెరమీద కూడా చూపుతుంది. చదివింది ఏఎల్‌లోకి వస్తుంది.
ఏహెచ్‌లో 02: డీఎల్‌లో ఉన్న ఒక్క అక్షరాన్ని చూపుతుంది.
ఏహెచ్‌లో 09: డీఎస్, డీఎక్స్ చూపే చోటి నుంచి డాలర్ గుర్తు వచ్చేవరకు ఉన్న వాక్యాన్ని చూపుతుంది.
ఏహెచ్‌లో 3డీ, 3ఎఫ్, 40: వరుసగా ఫైల్ తెరవడం, చదవడం, రాయడం.
ఏహెచ్‌లో 4సీ: ప్రోగ్రామ్ ముగించి డాస్ చేతికి పగ్గాలు ఇవ్వడం.

ఒక వాక్యం చూపే ప్రోగ్రామ్‌లో అసలు సరుకు ఇంతే:

మూవ్ ఏఎక్స్, @డేటా
మూవ్ డీఎస్, ఏఎక్స్
మూవ్ ఏహెచ్, 09హెచ్
ఎల్ఈఏ డీఎక్స్, మెసేజ్
ఇంట్ 21హెచ్
మూవ్ ఏఎక్స్, 4సీ00హెచ్
ఇంట్ 21హెచ్

మొదటి రెండు వరుసలు "నా డేటా ఈ సెగ్మెంట్‌లో ఉంది" అని చెబుతాయి. మూడోది ఏ సేవో, నాలుగోది వాక్యం ఎక్కడుందో చెబుతుంది. ఐదోది బెల్లు. చివరి రెండూ "నా పని అయింది, వెళ్తున్నా" అనడం. కాగితం నింపడం, బెల్లు కొట్టడం. ఎంత పెద్ద ప్రోగ్రామైనా ఈ రెండు పనుల పునరావృతమే.

వాక్యం చివర డాలర్ ఎందుకు? అది డాస్ సొంత ఆలోచన కాదు. డాస్ కంటే ముందు గ్యారీ కిల్డాల్ తయారుచేసిన సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కూడా 9వ సేవ వాక్యం చూపడమే, అక్కడా ముగింపు గుర్తు డాలరే. పాత ప్రోగ్రాములు తేలిగ్గా మారాలని డాస్ ఆ పద్ధతిని అలాగే ఉంచింది. అందుకే ఈ సేవతో "ధర 5 డాలర్లు" అని గుర్తు పెట్టి రాయబోతే వాక్యం అక్కడే తెగిపోతుంది.

పని జరగకపోతే తెలిసేదెలా? ఫైల్ సేవల్లో డాస్ క్యారీ ఫ్లాగ్‌ను 1 చేసి, ఏఎక్స్‌లో తప్పు సంఖ్య పెడుతుంది. 2 అంటే ఫైల్ లేదు. 5 అంటే అనుమతి లేదు. ఈ ఫ్లాగ్ చూడకుండా ముందుకు పోవడమంటే, గేటులో కాగితం వాపసు ఇచ్చినా సరుకు ఎక్కిందనుకుని లారీ ఖాళీగా వెళ్లిపోవడమే.

పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు?

ల్యాబుల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు నాలుగు.

ఒకటి, డీఎస్ నింపడం మర్చిపోవడం. అప్పుడు డాస్ వేరే చోట వెతికి, డాలర్ దొరికేదాకా చెత్త అక్షరాలు చూపిస్తూ పోతుంది.

రెండు, 7 చూపాలని డీఎల్‌లో 7 పెట్టడం. తెరమీద ఏమీ రాదు, ‘బీప్’ అని శబ్దం వస్తుంది. ఎందుకంటే 7 అనే కోడ్‌కు అర్థం గంట. అంకెను అక్షరంగా చూపాలంటే 30హెచ్ కలపాలి.

మూడు, ఇంట్ 21హెచ్ తర్వాత ఏఎల్‌లో పాత విలువే ఉంటుందనుకోవడం. 02 సేవ ఏఎల్‌ను మార్చేస్తుంది. రెండంకెల జవాబులో మొదటి అంకె సరిగ్గా, రెండోది తప్పుగా వస్తోందంటే అనుమానం ముందు ఇక్కడే పెట్టాలి. కావలసిన విలువను బీఎల్‌లోనో స్టాక్‌లోనో ముందే దాచుకోవాలి.

నాలుగు, 4సీ రాయకుండా వదిలేయడం. ప్రాసెసర్‌కు ప్రోగ్రామ్ ఎక్కడ అయిపోయిందో తెలియదు. తర్వాతి మెమరీలో ఏముంటే దాన్నే ఆదేశమనుకుని నడిపించి బిగుసుకుపోతుంది.

ఇంకో సందేహం కూడా చాలామందికి ఉంటుంది. పీసీలో 4సీ రాయమంటారు, ల్యాబ్ కిట్ మీద మాత్రం చివర ఇంట్ 3 రాయమంటారు. కిట్‌లో డాస్ ఉండదు. అక్కడ చిన్న మానిటర్ ప్రోగ్రామే సిబ్బంది. ఇంట్ 3 బ్రేక్‌పాయింట్ ఇంటరప్ట్, దాంతో పగ్గాలు మానిటర్ చేతికి వెళ్తాయి. గేటు అవతల ఎవరున్నారన్నదే తేడా.

కాపలా లేని గేటు

డాస్‌లో ఒక పెద్ద లోపం ఉండేది. గేటు ఉంది కానీ చుట్టూ గోడ లేదు. ఏ ప్రోగ్రామైనా వెక్టర్ టేబుల్‌లోకి వెళ్లి, పాత చిరునామా కొట్టేసి తన చిరునామా రాసుకోవచ్చు. అడిగేవారు లేరు. మంచి పనులకూ అది వాడారు. మెమరీలోనే కూర్చుని, మీట నొక్కగానే పైకి వచ్చే క్యాలిక్యులేటర్లు, డైరీలు అలా పుట్టినవే.

చెడుకూ అదే దారి. 1986లో పీసీలను చుట్టేసిన ‘బ్రెయిన్’ వైరస్‌ను లాహోర్‌లో కంప్యూటర్ వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ములు రాశారు. తమ సాఫ్ట్‌వేర్ కాపీలు ఎక్కడికి పోతున్నాయో చూడటానికే రాశామని వారు తర్వాత చెప్పారు. కోడ్‌లో తమ చిరునామా, ఫోన్ నంబరు కూడా పెట్టారు. అది ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో దూరి, డిస్క్ చదివే ఇంట్ 13హెచ్ గడిని తనవైపు తిప్పుకునేది. ఎవరైనా బూట్ సెక్టార్ చూపించమంటే, పక్కన దాచిన పాత, శుభ్రమైన కాపీని చూపించేది. చూసేవారికి అంతా బాగానే ఉన్నట్టు కనిపించేది. గేటు దగ్గరి మనిషినే మార్చేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

గోడ కట్టాక

ఇంటెల్ 1985లో తెచ్చిన 386 ప్రాసెసర్ మీద ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ గోడను గట్టిగా కట్టగలిగాయి. ఆపరేటింగ్ సిస్టమ్ నడిచేది రింగ్ 0లో, మామూలు ప్రోగ్రాములు రింగ్ 3లో. ఇంటరప్ట్ పట్టికను మార్చే హక్కు రింగ్ 0కే. పైగా పట్టికలో ప్రతి గడికీ "దీన్ని ఎవరు పిలవొచ్చు" అని రాసి ఉంటుంది. ఇజాజత్ లేకుండా ఎవరూ లోపలికి పోలేరు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ పద్ధతినే వాడుకుంది. మామూలు ప్రోగ్రాముల కోసం తెరిచిన గేటు ఇంట్ 80హెచ్. సేవ సంఖ్య ఈఏఎక్స్‌లో పెట్టాలి. రాయడానికి 4, ముగించడానికి 1. అదే లినక్స్‌లో ల్యాబ్ అలవాటు కొద్దీ ఇంట్ 21హెచ్ అని రాస్తే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అది యంత్రం పాడవడం కాదు, ఆ గేటుకు అనుమతి లేదని కాపలాదారు ఆపడం.

64 బిట్ల ప్రాసెసర్లు వచ్చాక ఇంట్‌కు బదులు ‘సిస్‌కాల్’ అనే ప్రత్యేక ఆదేశం వాడుతున్నారు. పట్టిక చదవడం, హక్కులు పోల్చడం అనే మెట్లు తగ్గి పని వేగంగా అవుతుంది. సంఖ్యలు కూడా మారాయి. ఇక్కడ రాయడానికి 1, ముగించడానికి 60. పాత పుస్తకం చూసి 64 బిట్ల ప్రోగ్రామ్‌లో ఇంట్ 80హెచ్ వాడితే, చిరునామాలో కింది 32 బిట్లే లోపలికి వెళ్తాయి. ఒక్కోసారి పనిచేసి, ఒక్కోసారి చేయకుండా ఏడిపిస్తుంది.

మన ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. అక్కడి ఏఆర్‌ఎం ప్రాసెసర్‌లో ఈ ఆదేశం పేరు ‘ఎస్‌వీసీ’. దాని పాత పేరు ‘ఎస్‌డబ్ల్యూఐ’, అంటే సాఫ్ట్‌వేర్ ఇంటరప్టే. ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌కు ఒక్కో యూజర్ సంఖ్య ఇస్తుంది. పిల్లవాడు ఆడే గేమ్ బ్యాంకు యాప్ దాచుకున్న ఫైల్‌ను తెరవబోతే, కెర్నెల్ ఆ సంఖ్య చూసి, నీది కాదని వెనక్కి పంపేస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ వాడే ఇళ్లలో డబ్బుకు కాపలా కాస్తున్న వాటిలో ఈ గేటు ఒకటి. కొత్త యాప్ అడిగిన ప్రతిదానికీ చూడకుండా ‘అలౌ’ నొక్కితే మాత్రం, ఆ అనుమతి చీటీ మనమే రాసిచ్చినట్టు.

తెలుగు సలాం, ఉర్దూ సలాం

డాస్ 02 సేవ ఒకసారికి ఒక్క బైట్ తీసుకుంటుంది. ఒక బైట్‌లో పట్టేది 256 గుర్తులే. ఇంగ్లిష్‌కు అది చాలు. మన దేశంలో 1991లో ప్రమాణంగా వచ్చిన ‘ఇస్కీ’ కోడ్‌లో పై 128 స్థానాల్లో తెలుగు లాంటి భారతీయ లిపుల అక్షరాలను అమర్చారు. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ లిపికి ‘పాస్కీ’ అని వేరే కోడ్ కావాల్సి వచ్చింది. రెండూ ఒకే ఫైల్లో కలిపి రాయడం తలనొప్పి పనే.

ఇప్పుడు యూనికోడ్, యూటీఎఫ్ 8 ఆ తగువు తీర్చాయి. లినక్స్‌లో రాసే సేవకు డాలర్ గుర్తు అక్కర్లేదు. ఎన్ని బైట్లో చెప్పాలి. చిక్కు అక్కడే. ‘సలాం’ అని తెలుగులో రాస్తే స, ల, దీర్ఘం, సున్న అని నాలుగు కోడ్‌లు. ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 12. అదే మాట ఉర్దూలో సీన్, లామ్, అలిఫ్, మీమ్. నాలుగు అక్షరాలే, కానీ ఒక్కోటి 2 బైట్లు కాబట్టి మొత్తం 8. కొత్త వరుసకు ఇంకో బైట్ కలిపితే తెలుగు సలాంకు 13, ఉర్దూ సలాంకు 9 అని కాగితంలో నింపాలి. కంటికి కనిపించే అక్షరాలు లెక్కపెట్టి తక్కువ సంఖ్య ఇస్తే మాట మధ్యలో తెగి, చివర ప్రశ్నార్థకం గుర్తో ఖాళీ డబ్బానో కనిపిస్తుంది.

ఇంట్లో చేసి చూడాలంటే

ఇంట్లో 64 బిట్ల విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే పాత 16 బిట్ల ప్రోగ్రాములు దానిపై నేరుగా నడవవు. పుస్తకం తప్పని పిల్లలు అనుకునేది అందుకే. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ల్యాబ్ ప్రోగ్రాములన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ లేకపోయినా దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత యాప్ పెట్టుకుని, అందులో ‘స్ట్రేస్’ అనే పనిముట్టు దింపుకోవాలి. ‘స్ట్రేస్ ఎకో సలాం’ అన్న ఆదేశాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, చివరి సలాం మాత్రం తెలుగులో రాయాలి. ఆ చిన్న ఆదేశం కెర్నెల్‌ను ఎన్నిసార్లు ఏమేం అడిగిందో వరుసగా కనిపిస్తుంది. చివరి వైపు రాసే సేవ వరుస ఉంటుంది. దాని కొసన బరాబర్ గుర్తు, పక్కనే 13. కెర్నెల్ "13 బైట్లు రాశాను" అని ఇచ్చిన జవాబు అది. తర్వాత లేని ఫైల్ పేరు ఇచ్చి తెరవమని చూడండి. తప్పు సంఖ్య 2 వస్తుంది, ఫైల్ లేదని. డాస్‌లోనూ ఫైల్ లేకపోతే 2 అనే అనేవారు.

పేర్లు, సంఖ్యలు, ఆదేశాలు మారుతూ వచ్చాయి: ఇంట్ 21హెచ్, ఇంట్ 80హెచ్, సిస్‌కాల్, ఎస్‌వీసీ. పద్ధతి మాత్రం అదే. కాగితం నింపాలి, గేటు దగ్గర ఇవ్వాలి, జవాబు చూసుకుని ముందుకు సాగాలి. ఈసారి వైవాలో "ఇంట్ 21హెచ్ ఎందుకు రాశావు?" అని అడిగితే పిల్లలు తడుముకోనక్కర్లేదు. "తెర నా చేతిలో లేదు సార్, డాస్‌ను అడుగుతున్నాను. ఏం కావాలో ఏహెచ్‌లో రాశాను" అంటే చాలు.